సమంగా పంచిన మందులు

తుమ్మలబండలో ఎవరు మేకను కోసినా పోగులు వేయడానికి మొగిలయ్యను పిలిచేవారు. మోదుగాకులు వరసగా పరచి, మెత్తటి ముక్క, ఎముక, బోటి, కార్జం అన్నీ అన్ని పోగుల్లోనూ పడేలా వేయడం ఆయన పద్ధతి. కార్జాన్ని బొటనవేలి గోరంత ముక్కలుగా కోసి, ఇరవై పోగులుంటే ఇరవై ముక్కలు చేసేవాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి చూసి, ఒక పోగులోంచి చిన్న ముక్క తీసి పక్కదాంట్లో వేసేవాడు. అందరూ తీసుకున్నాక మిగిలింది తన పోగు. ఇరవై ఏళ్లలో ఆయన పంపకం మీద ఒక్కరూ నోరెత్తలేదు. రెండెకరాల మెట్ట చెలక, ఆరో తరగతి చదువు, ఈ మంచిపేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు.

వరంగల్లుకు ఏడు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊరికి 1978 ఎండాకాలంలో ఒక అధికారి వచ్చాడు. పల్లెకొక ఆరోగ్య కార్యకర్త ఉండాలని ప్రభుత్వం నిర్ణయించిందనీ, ఊరివాళ్లే మనిషిని ఎన్నుకోవాలనీ చెప్పాడు. చదవడం, రాయడం వచ్చి ఉండాలి. అందరికీ సమ్మతమైనవాడై ఉండాలి. మోటబావి, పదిహేను ఎకరాల మిర్చి ఉన్న వీరభద్రం తన పేరు చెప్పుకున్నాడు. ఊరంతటిలో వయసు మీరిన సమ్మమ్మ గుంపులోంచి లేచింది.

"వీరభద్రం, నువ్వు కూసో బిడ్డా. నీ ఇంటికి దూప అని వస్తె మంచినీళ్లు పుట్టయి, మందులెక్కడ పుడుతయి? మొగిలయ్యకే ఇయ్యుండ్రి. కూర పంచినోనికి గోలీలు పంచుడు ఓ లెక్కనా?"

అందరూ నవ్వారు. వీరభద్రానికి కూడా నవ్వక తప్పలేదు. మొగిలయ్య ఎన్నికయ్యాడు.

ఆరోగ్య కేంద్రంలో మూడు నెలల శిక్షణ. నేర్పినావిడ డాక్టర్ శారద. పల్లెకు ఏ వైద్యం తప్పనిసరో ప్రభుత్వం ఒక జాబితాగా రాసిందని ఆమె చెప్పింది. జ్వరం, విరేచనాలు, దగ్గు, గాయాలు, రక్తం తక్కువ కావడం వంటి జబ్బులకు ఊళ్లోనే మందు. అంతకు మించినవి పెద్ద దవాఖానకు. మూడు నెలలకొకసారి ఒక పెట్టె వస్తుంది. అందులో జ్వరం బిళ్లలు, మలేరియా బిళ్లలు, సల్ఫా బిళ్లలు, పూతమందు, పట్టీలు ఉంటాయి.

"ఒక మనిషికి ఇస్తే పూర్తిగా ఇవ్వాలి. ముఖ్యంగా సల్ఫా. పిల్లవాడు ఊపిరాడక పక్కలు ఎగరేస్తుంటే పూటకు అర చొప్పున మూడు పూటలు, ఐదు రోజులు. అంటే ఎనిమిది బిళ్లలు. మధ్యలో ఆపితే ఇచ్చినదంతా వృథా," అని ఆమె మరీ మరీ చెప్పింది.

మొగిలయ్య చేయి ఎత్తాడు. "అమ్మా, సల్ఫా రెండు వందలే అంటాండ్రు. పెద్దోళ్లయితే పది మందికి సుత సరిపోవు. మా ఊళ్లె నూట ఎనభై ఇండ్లున్నయి. ఎట్ల?"

"అందరికీ ఒకేసారి జబ్బు రాదు కదా, మొగిలయ్యా."

ఆమె అన్నది తర్కానికి నిలిచే మాటే. కానీ తుమ్మలబండలో వానలు అందరి మీదా ఒకేసారి పడతాయి.

మొదటి పెట్టెను ఆయన డాక్టరమ్మ చెప్పినట్టే వాడాడు. ముందు వచ్చినవారికి ముందు, పూర్తిగా. దగ్గరున్నవారే ముందు వస్తారు గనుక ఆ మందు చాలావరకు ఆయన వాడకట్టులోనే అయిపోయింది. తొమ్మిదో రోజుకు సల్ఫా సీసా ఖాళీ. పదో రోజున చెరువు అవతలి వాడ నుంచి మల్లక్క మనుమణ్ణి చంకనేసుకుని వచ్చింది.

"లేవు మల్లక్కా, అయిపోయినయి. మళ్ల మూన్నెల్లకే."

"అయిపోయినయా? మీ వాడకట్టు మీదనే పడ్డదా ఏంది వాన? సర్కారు ఊరికిచ్చిందా, నీ ఇంటి సుట్టు ఇచ్చిందా?"

"పూరాగ ఇయ్యాలని డాక్టరమ్మ చెప్పింది."

"చెప్తది. ఆమెకేం, ఆమె మా ఇండ్ల మధ్యల బతుకుతదా? నువ్వు బతకాలె గదా."

ఆ మనుమడు తనంతట తనే కోలుకున్నాడు. మాట మాత్రం ఊరంతా తిరిగింది. ఆ దసరాకు చెరువు అవతలి వాడలో మేకను కోసినప్పుడు పోగులు వేయడానికి మొగిలయ్యను పిలవలేదు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడని భార్య రాజక్క తర్వాత చాలామందితో చెప్పుకుంది.

రెండో పెట్టె వచ్చిన రోజు మొగిలయ్య పంచాయతీ అరుగు మీద పాత వార్తాపత్రికలు పరిచాడు. సీసాలన్నీ విప్పి, ఇంటికొక సల్ఫా, ఒక మలేరియా బిళ్ల, రెండు జ్వరం బిళ్లలు చొప్పున నూట ఎనభై పోగులు వేశాడు. ఇంటికొకరు వచ్చి పొట్లం కట్టుకుపోయారు. మిగిలిన బిళ్లలు వరస చొప్పున ముసలివారికి ఇచ్చాడు. అందరికంటే చివర తన పోగు తీసుకున్నాడు. మల్లక్క పొట్లం కొంగున ముడేసుకుంటూ, "ఇగో, ఇదీ పద్ధతంటే," అంది. ఆ వారమే మళ్లీ ఆయనకు పోగుల పిలుపు వచ్చింది.

ఆయన అమాయకుడనుకోవడం న్యాయం కాదు. ఒక్క బిళ్ల ఏ జబ్బునూ ఆపదని ఆయనకు తెలుసు. కానీ పది మందికి ప్రాణం, నూట డెబ్బై మందికి లేదు అని చెప్పే నోరు ఆయనకు లేదు. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు రిజిస్టరులో ప్రతి ఇంటి ఎదుటా వేలిముద్ర చూసి సంతోషించాడు. ఊరు మొత్తానికి మందు అందిన పల్లె తన పరిధిలో ఇదొక్కటేనని కింద సంతకం పెట్టి పోయాడు. అలా నాలుగేళ్లు నడిచింది.

1982 వానాకాలంలో ఒక ఉదయం యాకమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. వరుసకు మొగిలయ్యకు కోడలు. ఆమె భర్త కట్టయ్య వరంగల్లులో బస్తాలు మోసే హమాలీ. వాళ్లకు మూడేళ్ల కొడుకు, ఐలేశు.

"మామా, పోరడు పాలు తాగుతలేడు. జర వచ్చి సూడే."

మొగిలయ్య పిల్లవాడి అంగీ పైకెత్తి చూశాడు. ప్రతి శ్వాసకూ పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. శిక్షణలో చూపించిన బొమ్మ ఎలా ఉందో అలాగే ఉంది. జబ్బు ఆయనకు తెలుసు, మందు తెలుసు, లెక్క తెలుసు. ఎనిమిది బిళ్లలు కావాలి. ఆయన ఇంట్లో ఉన్నది తన వంతు ఒక్కటి.

అది వెంటనే అర చేసి, నూరి, తేనెలో నాకించాడు. తర్వాత సత్తు పళ్లెం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

ఎవరూ కాదనలేదు. ఆ సంగతి రాసి తీరాలి. సమ్మమ్మ చూరులోంచి ముడి గుడ్డ తీసి మొత్తం పళ్లెంలో ఒంపింది. కానీ చాలా ఇళ్లలో మందు లేదు. ఒకరు పంటి నొప్పికి నూరి పెట్టుకున్నారు. ఒకరు బిడ్డను అత్తగారింటికి పంపుతూ మూటలో కట్టి ఇచ్చారు. మల్లక్క తల గోక్కుంటూ, "పుంజు తూగుతాంటె దానికేసిన్రా. అదీ సచ్చింది," అంది.

రెండు వాడలు తిరిగేసరికి పళ్లెంలో ఇరవై రెండు బిళ్లలు చేరాయి. అన్నీ తెల్లగానే, అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. సీసాలో ఉన్నంతవరకే ఏది ఏదో తెలిసేది. పొట్లాల్లో కలిసి, చెమ్మకు ఉబ్బి, అంచులు అరిగాక తేడా లేదు. మొగిలయ్య ఒక్కొక్కటీ నాలుకకు అద్దుకుని చూశాడు. గొంతు దాకా చేదు కొట్టినవి మలేరియావని పక్కన పెట్టాడు. మిగిలిన పద్నాలుగింటిలో ఫలానాది సల్ఫా అని ఒట్టు వేయగలిగినవి రెండే.

"మామా, అన్ని ఏసేద్దాం. ఏదన్న పని చేస్తది గదా?" అంది యాకమ్మ.

"వద్దు బిడ్డా. జ్వరం గోలీలు గన్ని పడితె పిలగాడు ఆగడు. ఆ రెండు గోలీలు పట్టుకొని వరంగల్ పోదాం, నడు."

వాగు పొంగడంతో బస్సు అవతలి ఒడ్డు నుంచే తిరిగిపోయింది. కబురందుకుని వచ్చిన కట్టయ్య మొలలోతు నీళ్లలో దాటి వచ్చి, కొడుకును భుజాన వేసుకుని, మళ్లీ వాగు దాటి నడక మొదలుపెట్టాడు. వెనక యాకమ్మ, ఆమె వెనక మొగిలయ్య. నాలుగో మైలు దగ్గర యాకమ్మ కొడుకు పాదం పట్టుకుని చూసి నిలబడిపోయింది. కట్టయ్య ఇంకా కొంతదూరం నడిచాడు. ఎవరూ ఆపలేదు.

ఊరు మొగిలయ్యను ఒక్క మాట అనలేదు. పదకొండో రోజున సమ్మమ్మ ఆయన పక్కన కూర్చుని, "నీ తప్పేమున్నది బిడ్డా? నువ్వు ఎవలికి తక్కువ ఇయ్యలే, ఎవలికి ఎక్కువ ఇయ్యలే," అంది. ఓదార్పుకే అంది. ఆయన తల వంచుకుని విన్నాడు.

తర్వాతి పెట్టె రాగానే అందరినీ పిలిచి, ఇక పంచేది లేదని చెప్పాడు. జబ్బు ముదిరినవారికే ఇస్తాను, ఇస్తే పూర్తిగా ఇస్తాను అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఐలేశు మట్టి ఇంకా తడారలేదు, కాదనేవారెవరు? పన్నెండు రోజులు గడిచాయి. పదమూడో రోజు పొద్దున ఆయన అరుగు మీద ఐదుగురు తల్లులు ఉన్నారు. ఐదుగురి ఒళ్లోనూ దగ్గే పిల్లలున్నారు. సీసాలో ఇద్దరికి సరిపడా బిళ్లలు మిగిలాయి.

"పెట్టెల లేకపోతె లేదనుకుంటం," అంది మల్లక్క. ఈసారి ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఉన్నయి గదా. ఎవల పిల్లలకు ఇయ్యవో మొఖం మీద చెప్పు. మేం పోతం."

మొగిలయ్య ఒక్కొక్క పిల్లవాడి ఛాతీ మీద చెవి పెట్టి విన్నాడు. మళ్లీ మొదటినుంచి విన్నాడు. ముగ్గురిని పంపేయడానికి కావలసిన మాట ఎంతకీ రాలేదు. చివరికి బిళ్లలను ఐదు భాగాలు చేశాడు.

మరునాడే పెట్టె నెత్తిన పెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి పోయాడు.

"నాతోని కాదమ్మా. ఇంకెవలనన్న సూసుకోండ్రి."

డాక్టర్ శారద పెట్టె అందుకుని బల్ల మీద పెట్టింది. "మీ ఊరికి నాలుగు పెట్టెలు కావాలని మూడుసార్లు రాశాను, మొగిలయ్యా. జాబితా రాష్ట్రమంతటికీ ఒకటేనట. ఒక ఊరికి పెంచితే అన్ని ఊళ్లకూ పెంచాలట. సమంగా ఉండాలట."

"అవునమ్మా," అన్నాడాయన. ఆ జవాబులోని న్యాయం ఆయనకంటే బాగా ఎవరికీ అర్థం కాదు.

పెట్టె వీరభద్రం చేతికి పోయింది. వీరభద్రం పక్షపాతి, దాచలేదు కూడా. తన బంధువులకు, తన చేలో పనిచేసేవారికి తప్ప ఎవరికీ మూత తీయలేదు. కానీ తీసినప్పుడు ఐదు రోజులూ తన కళ్ల ముందే మింగించాడు. ఒక పూట ఎగ్గొడితే బూతులు తిట్టాడు. రెండేళ్లలో ఐలేశుకు వచ్చిన జబ్బే వచ్చిన ముగ్గురు పిల్లలు అతని మందుతో బతికారు. ముగ్గురూ అతని జీతగాళ్ల, అంటే ఏళ్ల ఒప్పందానికి కట్టుబడి చాకిరీ చేసే పాలేర్ల, పిల్లలే. చెప్పడానికి ఇష్టమున్నా లేకున్నా ఇది నిజం. మొగిలయ్య చేతి మీదుగా నాలుగేళ్లు నడిచిన పెట్టె కచ్చితంగా ఒక్క ప్రాణమైనా కాపాడిందని చెప్పడానికి ఆధారం లేదు. ఈ లెక్క ఊళ్లో పైకి ఎవరూ అనలేదు. ఆయన మాత్రం చేసుకున్నాడు.

1985లో తొలకరి పడ్డ వారానికి, చెలకకు పోయే బాటలో యాకమ్మ ఎదురైంది. ఏడాదిన్నర ఆడపిల్ల చంకలో ఉంది. అప్పటికి కట్టయ్య ఎనుమాముల మార్కెట్లో హమాలీల జట్టులో కుదురుకున్నాడు. పని కష్టమే అయినా సాయంత్రమయితే తనకు తాను దొర.

"కట్టయ్య మార్కెట్‌కు పోయిండా?" అని అడిగాడు మొగిలయ్య.

"బంద్ జేసిండు మామా. వీరభద్రం పటేలుకు జీతముండెటట్టు మాట్లాడుకున్నం. మొన్ననే కుదిరిండు."

మొగిలయ్య నిలబడిపోయాడు. "హమాలీ పని ఇడిసిపెట్టా? ఎన్నేండ్లకు?"

"మూడేండ్లకు. పిల్ల జర గట్టిపడేదాక." ఆమె పిల్లను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. "దగ్గొస్తె ఐదు దినాల గోలీలు పూరాగ ఇస్తనని నలుగురి ముంగట చెప్పిండు. మాట మీదుంటడు గదా మామా, ఆయన?"

"ఉంటడు," అన్నాడు మొగిలయ్య. అబద్ధం చెప్పలేదు. పిల్ల వైపు చూసి అడిగాడు: "పిల్లకు ఇప్పుడేమన్న ఉన్నదా?"

"ఏం లేదు. మంచిగనే ఉన్నది."

పిల్ల మొగిలయ్య తలపాగా వైపు చేయి చాచి నవ్వింది. పటేలు పశువుల కొట్టంలో పెండ తీసే పని కూడా ఒప్పందంలో ఉందనీ, ఆలస్యమైతే మాట పడాల్సి వస్తుందనీ చెప్పి యాకమ్మ గబగబా నడిచిపోయింది.