ఆఠీను రాణి కుచ్చిళ్లు పట్టుకున్న పిల్ల

మా పిన్నిని ప్రెస్సులో అందరూ రంగులమ్మ అనేవాళ్లు. పేకముక్కల బొమ్మలు నల్లగీతలతో అచ్చయి వస్తే, వాటికి చేత్తో రంగులద్దే పని ఆమెది. ఆ పేకలో ఒక్కో గుర్తుకూ ఒక్కో దేశం వేషం. ఇస్పేటు రాజుకు బొచ్చు టోపీ, కళావరు రాణికి పూసల శాలువా. ఆఠీను మా దేశానిది. "ఎంత రాజైనా మీసం నల్లబడాలంటే నా దగ్గరికి రావాల్సిందే" అని నవ్వేది. నోరు పెద్దదే గానీ, చెయ్యి మాత్రం గీత దాటేది కాదు.

ఆఠీను రాణి కోసం చిత్రకారుడు పిన్నినే ఎదురుగా నిలబెట్టి గీశాడు. నాలుగేళ్ల కూతురు ఆమె పావడా కుచ్చిళ్లు పట్టుకుని ఎంత బతిమాలినా వదల్లేదు. "పోనీలెండి, ఉండనివ్వండి" అని ఆయన పిల్లనూ గీసేశాడు. ఆ చలికాలమే పిల్ల జ్వరంతో పోయింది. ఫొటో ఒక్కటి కూడా లేదు.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆ ముక్కను పిన్ని ఎవరికీ వదల్లేదు. పక్క బల్ల మీద పనిచేసే నన్ను కావాలంటే రాణి మొహం వెయ్యమనేది. పిల్ల గౌనుకు పసుపు మాత్రం తనే. నాకు ఒళ్లు మండేది. మానుతున్న పుండును రోజూ గోక్కోవడం ఎందుకని ఓసారి అనేశాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంతలో కొత్త పద్ధతి వచ్చిపడింది. తలకిందులుగా వచ్చిన రాణిని ఆటగాడు తిప్పి పట్టుకుంటే, చేతిలో బొమ్మ ఉందని ఎదుటివాడు పసిగట్టేస్తాడట. అందుకని బొమ్మలన్నీ నడుము దగ్గర కోసేసి, కింద ఇంకో తల పెట్టారు. రాణికి రెండు తలలొచ్చాయి, కాళ్లు పోయాయి. కాళ్ల దగ్గరున్న పిల్ల కూడా పోయింది.

యజమాని చెడ్డవాడేం కాదు. పాత పేక ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు.

"తీసుకోమ్మా. పాప ఇందులో ఉంటుందిగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు."

"చూసుకోవడానికి కాదండీ," అంది పిన్ని. "రోజూ పొద్దున్నే దానికి గౌను తొడిగేదాన్ని."

ఆయన గోదాములో రంగు వెయ్యకుండా మిగిలిన పాత షీట్లు వెతికించి, ఆమె బల్ల మీద పెట్టించాడు. ముప్ఫై దాకా ఉన్నాయి. గంటకు పది లాగించే మనిషి రోజుకొక్కటే వేసింది. ఆఖరిది మాత్రం ఆరబెట్టడానికి నాకివ్వలేదు. ఒళ్లో పెట్టుకుని, గౌను మీద పసుపు ఆరేదాకా ఊదుతూ కూర్చుంది.