అటక మనిషి వేషం

టీవీ కేంద్రంలో అందరూ అతన్ని నిచ్చెన అని పిలిచేవారు. ఎదురుగానే పిలిచేవారు, అతనూ పలికేవాడు. అది చిన్న స్టూడియో. కప్పు కింద అడ్డంగా ఇనప గొట్టాలుండేవి, లైట్లన్నీ వాటికే బిగించాలి. మిగతా లైట్‌బాయ్‌లు స్టూలు వెతుక్కునేలోపు అతను మునివేళ్ళ మీద లేచి పని ముగించేవాడు. తల సగం నెరిసినా ఉద్యోగం పేరు లైట్‌బాయే. జీతం కాగితాల్లో మనకెవరికీ ముసలితనం రాదని తోటివాళ్ళతో అని నవ్వేవాడు.

మందుల షాపు వెనక రెండు గదుల్లో కాపురం. భార్య, ఒక్కతే కూతురు. కూతురు అప్పుడప్పుడే బడికి వెళ్తోంది. దాన్ని అతను పిచ్చుక అనేవాడు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడవగానే అది వచ్చి అతని పాదాల మీద ఎక్కి నిలబడేది. రెండు చేతులతో పైకెత్తితే ఇంటి కప్పుని అరచేత్తో తట్టి దిగేది. ఇంటి కప్పుని ముట్టుకున్న పిల్ల వీధి మొత్తంలో తనొక్కతే అని దానికి గొప్ప.

ఆ రోజుల్లో పిల్లల కార్యక్రమాలు తీసే డైరెక్టరమ్మ ఒకావిడ ఉండేది. పిల్లలకి భయం కూడా కావాలి, ఎప్పుడూ కుందేళ్ళూ కోతులేనా అని పైవాళ్ళతో పోరి గంటసేపటి దయ్యం సినిమా ఒకటి ఒప్పించింది. పేరు 'అటక మనిషి'. ఒక అన్నా చెల్లెలూ కొత్త ఇంట్లోకి వస్తారు. ఆ ఇంట్లో బల్బులు ఒక్కొక్కటే మసకబారి ఆరిపోతుంటాయి. అటక మీద ఉండేవాడొకడు వెలుగు తిని బతుకుతుంటాడు. కథ అంతే.

మేకప్ వాళ్ళు రబ్బరు మాస్కు ఒకటి చేసుకొచ్చారు. అది తగిలించుకున్న నటుణ్ణి చూసి సినిమాలో వేసే పిల్లలిద్దరూ కింద పడి దొర్లి మరీ నవ్వారు. అదే సమయానికి వెనకాల నిచ్చెన ఒక లైటు సర్దుతున్నాడు. అతని నీడ గోడ మీదుగా కప్పు దాకా పాకింది. పిల్లలు నవ్వు ఆపేశారు. డైరెక్టరమ్మ వెనక్కి తిరిగి అతన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"నీకు మాస్కు అక్కర్లేదు. నీ మొహం చాలు" అంది.

ఆ మాట అతను ఇంట్లో నవ్వుతూ చెప్పాడు. భార్య నవ్వలేదు. కూతురు మాత్రం నాన్న టీవీలో వస్తాడని బడి బడంతా చాటింది.

షూటింగు వారం రోజులకు మించలేదు. మొహానికి తెల్ల పౌడరు, కళ్ళ కింద మసి, మోకాళ్ళు దాటిన నల్లకోటు. మాటలేం లేవు. నిలబడు, వంగు, బల్బు వంక చూడు, ఇంతే చెప్పేవారు. అతను చూడగానే అవతల ఇంకో లైట్‌బాయ్ మీట తిప్పి వెలుతురు తగ్గించేవాడు. చివర రావలసింది ముందు తీశారు, ముందుది చివర తీశారు. ఏది దేని తర్వాత వస్తుందో అతనికి తెలియదు. ఒకరోజు సౌండు చూసే ఆయన మైకు పరీక్ష కోసం ఏదో ఒకటి అనమన్నాడు. అతను ఏదో అన్నాడు.

ఆదివారం సాయంత్రం సినిమా వేశారు. ఆ పూట అతనికి డ్యూటీ పడింది, చూడలేదు. తల్లీ కూతురూ మందుల షాపాయన ఇంటికి వెళ్ళి చూశారు. అతను ఇంటికి వచ్చేసరికి కూతురు మంచం కింద ఉంది. వంగి చూశాడు. అది అరవలేదు, ఏడవలేదు. గోడకి అతుక్కుపోయి అతన్నే చూస్తూ ఉంది. కింద నేల తడిసి ఉంది.

రెండు మూడు రోజుల తర్వాత గానీ అది నోరు విప్పలేదు. విప్పాక తల్లితో చెప్పింది. సినిమాలో నాన్న బల్బు ఆర్పేశాడట. పడుకున్న పాప మంచం దగ్గరికి వచ్చాడట. వంగి, 'పిచ్చుకా, రా' అన్నాడట. తల్లి ఆ సమయానికి షాపాయన భార్యకి సాయంగా వంటింట్లో ఉంది, పిల్ల కేక విని పరుగెత్తుకొచ్చింది. తను ఆ మాట వినలేదు, ఆ సీను చూడలేదు.

"నేనేం అనలేదే" అన్నాడు నిచ్చెన.

అన్నాడు గానీ తర్వాత అనుమానం పట్టుకుంది. మంచం పక్కన వంగిన మాట నిజం. మైకులో ఏదో అన్న మాట కూడా నిజం. ఏమన్నాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఏదో ఒకటి అనమంటే నోటికి అలవాటైన మాటే వచ్చి ఉంటుంది గదా. సౌండు ఆయన్ని అడిగితే, ఎవరి గొంతు ఎక్కడ అతికించారో తనకేం గుర్తని నవ్వాడు.

అప్పటికే కేంద్రానికి ఫోన్లు మొదలయ్యాయి. పిల్లలు పక్క తడుపుతున్నారని, బాత్రూముకి ఒంటరిగా వెళ్ళడం లేదని తల్లిదండ్రులు తిట్టారు. మేనేజరు ఆ సినిమాని ఇంకెప్పుడూ వేయకూడదన్నాడు. డైరెక్టరమ్మ కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. కొన్నేళ్ళకి పోయిందని తెలిసింది.

ఒకసారి ధైర్యం చేసి నిచ్చెన టేపుల గదికి వెళ్ళి ఆ సినిమా చూపించమని అడిగాడు. అక్కడి గుమస్తా క్యాసెట్టు తీసి పెట్టాడు. తెర మీద ఎవరో ఈత కొడుతున్నారు. ఈత పోటీలు. టేపులకి కొరత వచ్చి పాతవాటి మీదే కొత్తవి రికార్డు చేశారట. గుమస్తా ఇంకేమైనా కావాలా అని అడిగాడు. ఏం వద్దని అతను కాసేపు ఈత పోటీలు చూసి బయటికొచ్చాడు.

ఇంట్లో ఎవరూ ఏమీ నిర్ణయించలేదు, రోజులే అలా సర్దుకున్నాయి. కరెంటు పోతే పిల్ల బిగుసుకుపోయేది, అందుకని అతను వీధిలోకి వెళ్ళి నిలబడేవాడు. సాయంత్రం డ్యూటీ అడిగి వేయించుకున్నాడు. అది బడికి వెళ్ళాక లేచేవాడు, అది నిద్రపోయాక వచ్చేవాడు. పిచ్చుక అనడం మానేశాడు. పేరు పెట్టి పిలవడం అలవాటు లేక అసలు పిలవడమే మానేశాడు. పిల్లకి పదేళ్ళు వచ్చేసరికి భయం పోయింది. దూరం మాత్రం పోలేదు. ఏం కావాలన్నా అది తల్లితో చెప్పేది, తల్లి అతనితో చెప్పేది. పెళ్ళి మాట కూడా అతని చెవిన అలాగే పడింది. మంచివాడేనా అని అడిగాడు. మంచివాడే అంది భార్య. సరే అన్నాడు.

ఏళ్ళు గడిచాయి. అతను రిటైరయ్యాడు. భార్య పోయింది. ఇద్దరి మధ్యా మాటలు మోసే మనిషి లేకపోవడంతో తండ్రీ కూతుళ్ళకి ఫోనులో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. మందులు వేసుకుంటున్నావా అని ఆమె, పిల్లాడు బాగున్నాడా అని అతను. రెండు వారాలకోసారి సరుకుల సంచితో వచ్చి అరగంట కూర్చునేది. గడియారం చూసుకోకుండానే ఆ అరగంట అయిందని ఆమెకి తెలిసిపోయేది. ఆమె ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. అతను పొద్దుపోవడానికి ఒక ఎలక్ట్రికల్ షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటున్నాడు. కొన్నవాళ్ళకి బల్బు హోల్డరులో పెట్టి, వెలుగుతోందని చూపించి, అట్టపెట్టెలో పెట్టి ఇవ్వాలి. రోజంతా అదే పని. అతనికి బాగానే ఉంది.

ఒకరోజు కూతురు ఫోన్ చేసింది. రావలసిన రోజు కాదు.

"నాన్నా, ఆ సినిమా దొరికిందట" అంది.

ఏ సినిమా అని అతను అడగలేదు.

దొరికించుకున్నది ఒక పళ్ళ డాక్టరు. చిన్నప్పుడు ఆ సినిమా చూసి నెలల తరబడి దుప్పటి ముసుగు తీయకుండా పడుకున్నవాడు. పెద్దయ్యాక అలాంటి సినిమా ఒకటుందని చెబితే భార్యతో సహా ఎవరూ నమ్మలేదు. ఆ పంతంతో తనలాంటివాళ్ళని ఇంటర్నెట్టులో పోగుచేసి ఏళ్ళ తరబడి వెతికాడు. చివరికి అది ఒక ఆస్పత్రిలో, పిల్లల వార్డు స్టోరురూము ఖాళీ చేస్తుంటే బయటపడింది. అక్కడి నర్సు ఒకావిడ ప్రతి ఆదివారం పిల్లల కార్యక్రమాన్ని వీడియో క్యాసెట్టులో ఎక్కించి ఉంచేదట. దాని మీద 'బొమ్మలు' అని రాసి ఉండడంతో ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు.

డాక్టరు వాకబు చేసి తండ్రీ కూతుళ్ళనీ పిలిచి, తన క్లినిక్కు వెయిటింగు రూములోనే దాన్ని వేశాడు. సెలవు రోజు మధ్యాహ్నం. గోడ మీద చిగుళ్ళ జబ్బుల బొమ్మలు, వాటి మధ్య టీవీ, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో నడివయసు మనుషులు కొందరు. నిచ్చెన తలుపులో వంగి లోపలికి రాగానే వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా బాల్యం పాడుచేశారండీ అని ఒకావిడ సంతోషంగా అతని చెయ్యి పట్టుకుని ఊపింది. అతను క్షమించమన్నాడు. అందరూ నవ్వారు. కూతురు నవ్వలేదు, అతని పక్క కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బొమ్మ అలుక్కుపోయినట్టుంది. మధ్యమధ్య గీతలు. అతను అప్పటి తనని చూశాడు. కోటు వదులుగా ఉందనుకున్నాడు. అటక తలుపు సందులోంచి చెయ్యి దిగే చోట వెనక ఎవరో చిన్నగా కెవ్వుమన్నారు. తర్వాత మంచం వచ్చింది. పాప పడుకుని ఉంది. పొడుగు మనిషి తలుపు దగ్గర కనబడ్డాడు, వచ్చాడు, వంగాడు. తల పక్కనున్న దీపం వంక చూశాడు. దీపం మెల్లగా ఆరింది. అతను నిటారుగా లేచి వెళ్ళిపోయాడు. పాప నిద్ర లేవనే లేదు.

చివర్లో ఆ పాపే అటక మెట్ల మీద ఒక లాంతరు పెట్టి వచ్చింది. అటక మనిషి అది తీసుకున్నాడు. ఇంట్లో దీపాలన్నీ మళ్ళీ వెలిగాయి.

అందరూ చప్పట్లు కొట్టారు. కూతురు డాక్టరు వైపు తిరిగింది.

"ఇంతేనా? మధ్యలో ఏమైనా పోయిందా?"

ఏం పోలేదన్నాడు డాక్టరు. ముందు వచ్చే సబ్బు ప్రకటనతో సహా అంతా ఉందన్నాడు.

"ఆయన మాట్లాడడా?"

"లేదండీ. సినిమా మొత్తంలో ఒక్క మాట లేదు. అందుకే అంత భయం."

ఆమె మంచం దగ్గరి సీను మళ్ళీ వేయమని అడిగింది. వేశారు. ఇంకోసారి అడిగింది. వేశారు. ఎందుకడుగుతోందో అక్కడెవరికీ తెలియదు. పొడుగు మనిషి వచ్చాడు, వంగాడు, దీపం చూశాడు, వెళ్ళిపోయాడు.

రికార్డు చేసిన నర్సు కూడా వచ్చింది. ముసలావిడ, కర్ర పట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. మా వార్డులో పిల్లలు మళ్ళీ మళ్ళీ అదే వేయమనేవారని చెప్పింది. ఆ వార్డులో దీపాలు రాత్రంతా వెలుగుతూ ఉండేవట, కళ్ళల్లో పడి నిద్ర పట్టేది కాదట. అటక మనిషి వచ్చి తినేస్తే బాగుండునని ఒక పిల్ల రోజూ అనేదట. ఆ పిల్ల ఏమైందని ఎవరో అడిగారు. నర్సు గుర్తు లేదంది. చాలామంది ఉండేవారంది.

ఏమనిపించిందని డాక్టరు అడిగాడు. అంతసేపు కూర్చుంటే మోకాళ్ళు పట్టేశాయన్నాడు నిచ్చెన. నిజానికి అతనికి అంతకు మించి ఏమీ అనిపించలేదు. అనిపిస్తుందేమోనని ఎదురుచూశాడు గానీ రాలేదు.

బస్‌స్టాపులో ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఎండ ఇంకా పోలేదు.

"నేను అబద్ధం చెప్పలేదు నాన్నా" అంది కూతురు.

"తెలుసు."

"నాకు వినబడింది. ఇప్పటికీ వినబడుతుంది."

"వినే ఉంటావు."

"అనలేదని నాకెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా."

"అనలేదని నాకు మాత్రం ఏం తెలుసు?" అన్నాడు అతను. "అన్నాననే అనుకున్నాను."

ఆమె అతని వంక చూసింది. బస్సు వచ్చింది. అది వాళ్ళది కాదు. ఇంకొకటి వచ్చింది, అదీ కాదు. ఆమె ఏడవలేదు, అతనూ ఏడవలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. డైరెక్టరమ్మ పోయింది, అమ్మ పోయింది. అమ్మ ఉండుంటే ఏమనేదో అని ఆమె అంది. వంటింట్లోకి వెళ్ళకుండా ఉండాల్సింది అనుకునేదేమో అన్నాడు అతను. ఆ మాటకి ఆమె తల ఊపింది.

తర్వాత టీవీలో ఆ సినిమాని మళ్ళీ వేశారు. ఈసారి ఎవరి పిల్లలూ భయపడినట్టు లేదు. అభిమానులు కొందరు షాపు వెతుక్కుంటూ వచ్చి, అతనితో ఫొటోలు దిగి, మొహమాటానికి ఒక్కో బల్బు కొనుక్కుని వెళ్ళేవారు. అట్టపెట్టె మీద సంతకం అడిగేవారు. యజమాని సంబరపడి అతనికి పొడుగు కాళ్ళ స్టూలొకటి కొన్నాడు. రద్దీ ఓ రెండు నెలలుండి తగ్గిపోయింది.

కూతురు ఇప్పుడు వారం వారం వస్తోంది. మొదట్లో సంభాషణ పెద్దగా సాగేది కాదు. ఇన్నేళ్ళూ మాట్లాడని మనుషులు సినిమా దొరికిందని మాట్లాడేస్తారా? ఆమె ఉల్లిపాయలు బుట్టలో పోసేది, అతను కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు మాత్రం ఆమె, సంచి మడత పెడుతూ, అప్పట్లో సాయంత్రాలు స్టూడియోలో ఏం చేసేవాడివి అని అడిగింది. ఇంటికి రాకుండా అంతసేపు ఏం పని ఉండేదని.

పనేం ఉండేది కాదన్నాడు. వార్తలు అయిపోయాక లైట్లన్నీ ఆర్పి, అవి చల్లబడేదాకా కింద కూర్చునేవాడినన్నాడు. వేడి మీద ముట్టుకుంటే గాజు పగులుతుందన్నాడు. చల్లబడుతుంటే లోపల ఇనుము టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుందట.

"ఎంతసేపు?" అంది ఆమె.

ఒక్కో లైటుకి ఒక్కోలా ఉంటుందని అతను వివరంగా చెప్పసాగాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.