కోతల పండుగ వేలం పెద్దాయన

నంద్యాల చర్చి సంఘపెద్ద పోయారని కబురు వచ్చేసరికి నేను ఆళ్లగడ్డలో మా బడి పిల్లల కాళ్లకు నూనె రాస్తున్నాను. ఎనభై దాటిన మనిషి, అన్నం తిని పడుకుని నిద్రలోనే వెళ్లిపోయారు. మంచి చావు అన్నారు అందరూ. నాకు మాత్రం ఏడుపుతోపాటు భయం కూడా వచ్చింది. ఇక మా బడి గతేమిటి?

మాది నడవలేని పిల్లలతో కసరత్తు చేయించే చిన్న బడి. ఆ చర్చి కోతల పండుగలో వచ్చిన సొమ్ముతో ఏటా చుట్టుపక్కల సేవాసంస్థలకు సాయం చేస్తుంది. ఎవరో చెప్పగా వెళ్లాను గానీ, ముస్లింల ఆడపిల్లను, చర్చిలో అర్జీ పెట్టాలంటే జంకు. పెద్దాయన చూసి, "అడిగేదానికి సిగ్గేల పాపా? నీకోసమా అడుగుతాండావ్?" అన్నారు.

పండుగనాడు విశ్వాసులు గుమ్మడికాయలు, కోళ్లు, కందులు తెచ్చి చర్చిలో పెడతారు. వాటిని వేలం వేసేది పెద్దాయనే. కొన్నవాళ్లు ఇంటికి పట్టుకుపోకుండా తిరిగి ఇచ్చేస్తారు, మళ్లీ వేలం సాగుతుంది. ఆయన లవంగం బుగ్గన పెట్టుకుని, కండువా నడుముకు బిగించి, పిసినారులను వెతికి మరీ పట్టుకునేవారు. "ఏందప్పా, గుమ్మడికాయను చూసి మొగం తిప్పుకుంటాండావ్? అదేమన్నా నిన్ను పిల్లనిమ్మని అడిగిందా?" చర్చంతా నవ్వేది. ఆ మనిషి జేబులో చెయ్యి పెట్టక తప్పేది కాదు. వానలు పడని ఏడాది కానుకలు దాదాపు రాలేదు. ఒకే గుమ్మడికాయను పొద్దుగూకేదాకా తిప్పి తిప్పి వేలం వేశారు. చివరికి దాని తొడిమ ఊడింది, ఆయన గొంతు పోయింది, మా బడి నిలిచింది.

ఆ సాయం ఏమైందో చూడ్డానికి ఆయనే బస్సెక్కి వచ్చేవారు. నేను లెక్కలు తీయబోతే, "అవి కమిటీవాళ్లు చూస్తార్లే. ఈ మధ్య ఎవరు కొత్తగా నిలబడినారో ఆ బిడ్డను చూపిచ్చు" అనేవారు. ఎవరూ నిలబడని నెలల్లో నా మొహం చూసి, "నిలబడతార్లే పాపా. మనకు తొందర గానీ, కాళ్లకేం తొందర?" అని టీ తాగి వెళ్లేవారు. ఆ మాటతో నేను మరో నెల లాగించేదాన్ని.

సంఘంలో అందరూ అలా లేరు. ఎరువుల అంగడి యజమాని ఒకాయన ఏటా లేచి, "మన బీదోళ్లు ఈడ ఉండగా ఆళ్లగడ్డకెందుకు దుడ్లు?" అనేవాడు. "మనోళ్లకు మనముండాం. ఆ బిడ్డలకెవరుండారు?" అనేవారు పెద్దాయన. ఇప్పుడా జవాబు చెప్పే మనిషి లేడు. ఆయన్ని సమాధి చేసిన కొద్దిరోజులకే కోతల పండుగ వచ్చింది.

వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. కానుకలు కుప్పగా ఉన్నాయి. వేలం వేయడానికి ఎవరూ లేవలేదు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. చివరికి ఎరువుల అంగడాయన లేచాడు. ఇక లేచి వెళ్లిపోదామని సంచి చేతిలోకి తీసుకున్నాను.

ఆయన ఒక గుమ్మడికాయ ఎత్తుకున్నాడు. "ఇన్నాళ్లూ నేను అడ్డం మాట్లాడతాంటి. జవాబు చెప్పేదానికి ఆయప్ప ఉండె. ఇప్పుడు అడ్డం మాట్లాడితే చెప్పేదెవరు?" అన్నాడు. గుమ్మడికాయను పైకెత్తి చూపిస్తూ, "ఇది ఆళ్లగడ్డ పిల్లోళ్లకు. మొదటి పాట ఎవరిదప్పా?" అన్నాడు.

అప్పుడు పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ముందు వరసలో ఎవరో వెల చెప్పి మొదటి వేలంపాట పాడారు. ఆ తర్వాత ఏమనాలో ఆయనకు తెలియలేదు. కింద కూర్చున్న ఆడవాళ్లు "ఒకటోసారి" అని అందించారు. గుమ్మడికాయను పొట్టకు హత్తుకుని, చెమటలు కారుతుంటే, ఆయన వాళ్ల వెనకాలే పలికాడు: "ఒకటోసారి..."