ఆకురాయి మూడో రాపు

మా మామ నాకు పిల్లనిచ్చింది నా ముఖం చూసి కాదు, నా ఎడమ చేతిని చూసి. మా చుట్టాలు ఈ మాటను ఇప్పటికీ వేళాకోళంగా చెప్పుకుంటారు గాని అది నిజం. యాభైల మొదట్లో మొఘల్‌పురాలో ఒక కట్టెకోత మిల్లు ఉండేది. మామ అందులో రంపానికి పదును పెట్టేవాడు. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరిది కుడిచేతి వాటం, మరొకరిది ఎడమచేతి వాటం అయితే పని సుళువు. ఆయన జోడీ మనిషి ఊరు వెళ్ళిపోయి తిరిగి రాలేదు. ఎవరో చెబితే ఛత్రినాకలో మా ఇంటికి వచ్చి, నేను కట్టెలు కొడుతుంటే కాసేపు చూసి, "పోరడు పుర్రశెయ్యా?" అని మా అమ్మను అడిగాడు.

ఆ చేతి మీద చిన్నప్పటి నుంచీ దెబ్బలు తిన్నవాణ్ణి. వచ్చిన సంబంధం తప్పిపోతుందేమోనని మా అమ్మ గాబరాపడి, "తినేటప్పుడు కుడిశెయ్యే అన్నా" అంది.

"తినుడు ఎట్లన్న తిననీ చెల్లె. రేతి ఎట్ల వడ్తడో గది గావాలె నాకు" అన్నాడాయన.

రేతి అంటే ఆకురాయి. మాది మూడంచులది, జానెడు పొడవు, చివరన కట్టె పిడి. మిల్లు రంపం చేతిరంపం లాంటిది కాదు. కొసలు అతికిన పొడవాటి ఉక్కు పట్టా, రెండు పెద్ద చక్రాల మీద తిరుగుతుంది. దాన్ని దించి, రెండు చెక్కల మధ్య కొంత కొంతగా బిగించి, మామ అటు నేను ఇటు ఎదురెదురుగా నిలబడేవాళ్ళం. రంపం పళ్ళు ఒకటి అటు, ఒకటి ఇటు వంగి ఉంటాయి. అటువి ఆయనవి, ఇటువి నావి. పంటికి మూడు రాపులు. ముందుకు తోసేటప్పుడు బరువు వేయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయి పంటిని తాకకూడదు.

అన్నిటికంటే ముఖ్యం రెండు వైపులా పదును సమానంగా ఉండడం. ఏ వైపు ఎక్కువ పదునుంటే రంపం ఆ వైపుకు లాగుతుంది, పలక వంకర పోతుంది. రెండు వైపులా మొద్దుగా ఉంటే మాత్రం రంపం ఆలస్యంగానైనా తిన్నగానే కోస్తుంది.

నేను చేరిన కొత్తలోనే పలకలు తిన్నగా వచ్చాయి. నాకు ఆశ్చర్యం వేసింది, ఆ వెంటనే గర్వమూ వచ్చింది. ఈ విద్య నాకు పుట్టుకతో అబ్బిందని మా ఆవిడతో చెప్పుకున్నాను. పెళ్ళయిన కొత్త కదా, ఆమె నమ్మింది. మిల్లు యజమాని సేఠ్ మాత్రం ఆ రోజుల్లో తరచూ మా దగ్గరికి వచ్చి, పని ఆలస్యమవుతోందని మామ మీద విసుక్కునేవాడు. "క్యా మియాఁ, ఆరా కాట్‌రా కీ చబారా?" అనేవాడు. రంపం కోస్తోందా, నములుతోందా అని. మామ తల వంచుకుని, "నా రేతి అరిగింది సేఠ్" అనేవాడు. ముసలివాళ్ళకు కొత్త ఆకురాయి కొనాలంటే చేతులు రావని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఆ తరవాత నా చెయ్యి కుదురుకుంది. రంపమూ చురుగ్గా నడిచింది. సేఠ్ రావడం మానేశాడు.

కొన్నేళ్ళు అలా గడిచాయి. మామ మిల్లుకు రాకముందు గుంతకోత చేసినవాడు. దుంగ పైన ఒకడు, కింద గుంతలో ఒకడు నిలబడి రంపం లాగే పని అది. ఆయన ఎప్పుడూ కింది మనిషి. ఆ రోజుల్లో పైనుంచి రాలిన రంపపు పొట్టు అంతా ఆయన కళ్ళలోనే పడింది. అది ఊరికే పోలేదు. చూపు మసకబారింది, దానికి తోడు మణికట్టులో పట్టు తప్పింది. ఒక ఆషాఢంలో పలకలు వంకర పోవడం మొదలైంది. అన్నీ నా వైపుకే.

సేఠ్ నన్ను పక్కకు పిలిచి, ముసలాయన్ను ఇంట్లో కూర్చోబెట్టుకోమన్నాడు. మర్యాదగానే చెప్పాడు. ఇంటికి వచ్చి మా ఆవిడతో అంటే ఆమె రొట్టె కాలుస్తూ కాలుస్తూ ఆగిపోయింది.

"బాపును ఇంట్ల గూసోవెడితే మంచం వడ్తడు. పనే ఆయన పానం. నువ్వే ఏదన్న జెయ్యి" అంది.

చేయడానికి ఒకటే దారి కనిపించింది. ఆయన పదును పెరగదు కాబట్టి నాది తగ్గించాలి. మర్నాటి నుంచి పంటికి మూడు రాపులకు బదులు రెండే వేశాను. పలకలు మళ్ళీ తిన్నగా వచ్చాయి. సేఠ్ మామను పంపించే మాట ఎత్తలేదు. మా ఆవిడకు చెబితే కళ్ళు తుడుచుకుని నా పళ్ళెంలో ఇంకో జొన్నరొట్టె వేసింది. నేను పెద్ద ధర్మాత్ముణ్ణయిపోయాను. రోజూ మధ్యాహ్నానికి గుంజే భుజం సాయంత్రం దాకా హాయిగా ఉండేది. అది పుణ్యానికి దొరికిన ఫలమనుకున్నాను.

ఒకరోజు పొద్దున, పని మధ్యలో, మామ తన ఆకురాయిని చెక్క మీద పెట్టాడు. బొటనవేలితో పళ్ళను మెల్లగా తడుముకుంటూ వచ్చాడు. ముందు తనవి, తరవాత నావి.

"ఎప్పటి సంది రెండే రుద్దుతున్నవ్?" అన్నాడు.

నేను విననట్టు ఇంకో పంటి మీద ఆకురాయి పెట్టాను.

"కండ్లు వోయినయ్ గని చెవులు వోలే బిడ్డా. ఇన్నేండ్లు నీ ఎదురుంగనే నిలవడ్డ. నీ చప్పుడు నాకు ఎరుకలేదా?"

"కొత్త రేతి మామా. రెండు సాలుతున్నయ్" అన్నాను. అబద్ధం అంత తొందరగా నోటికి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"మంచిది" అన్నాడు. ఆ రోజు తన పళ్ళన్నీ మూడేసి రాపులతో పూర్తి చేశాడు. సాయంత్రం చేతులు కడుక్కుని, తనే సేఠ్ దగ్గరికి వెళ్ళి, రేపటి నుంచి రానని చెప్పాడు. ఆకురాయిని గుడ్డలో చుట్టుకుని ఇంటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. దారిలో కూరగాయల ధరల గురించి మాట్లాడాడు తప్ప, ఈ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది.

ఆయన స్థానంలో సేఠ్ ఒక వడ్రంగిని తెచ్చాడు. నా ఈడువాడే, కుర్చీలు బాగా చేస్తాడు గాని రంపం పని కొత్త. అతని వైపు పదును కుదరలేదు. పలకలు మళ్ళీ నా వైపుకు లాగాయి. అతనికి ఇంట్లో నలుగురు పిల్లలు, మిల్లులో ఈ పని తప్ప మరో ఆధారం లేదు. నేను రెండు రాపులు వేద్దామా అనుకున్నాను. కాని నన్ను చూసి నేర్చుకుంటున్నవాడు కాబట్టి అతనూ రెండే వేస్తాడు. అందుకని మూడూ వేస్తూనే బరువు వేయడం మానేశాను. చప్పుడుకు చప్పుడు ఉండాలి, కోత మాత్రం పడకూడదు. ఆకురాయి బరువును మణికట్టుతోనే ఆపి పట్టుకుని, పంటి మీద తేలిగ్గా నడిపించాలి. మధ్యాహ్నానికల్లా నా చెయ్యి భుజం దాకా గుంజడం మొదలైంది. అన్నం ముద్ద నోటి దాకా తెచ్చుకోవడమే కష్టమైంది.

పలకలు తిన్నగా వచ్చాయి, ఆలస్యంగా. వారం తిరక్కుండానే సేఠ్ వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"క్యా మియాఁ, ఆరా కాట్‌రా కీ చబారా?"

వడ్రంగి తల వంచుకున్నాడు. నేను, "నా రేతి అరిగింది సేఠ్" అన్నాను.

ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక గాని అది ఎవరి మాటో నాకు గుర్తు రాలేదు. సేఠ్ ఇంకా ఏదో అంటున్నాడు, నాకు వినపడలేదు. నా పుట్టుక విద్య సంగతి తెలిసిపోయింది. మామ ఆకురాయి అప్పుడు అరిగిపోలేదు. నా చెయ్యి కుదిరేదాకా ఆయన నా ఎదురుగా నిలబడి, పంటి పంటికీ మూడు రాపులూ చప్పుడు తగ్గకుండా వేస్తూ, తన పదును చంపుకున్నాడు. మాటలు పడ్డాడు. అల్లుడికి అనుమానమైనా రానివ్వలేదు.

ఇంటికి వచ్చేసరికి మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పని మానేశాక మనిషి సగమయ్యాడు. పక్కన కూర్చుని, కొత్త మనిషి సంగతి, సేఠ్ అన్న మాట, నేనన్న మాట చెప్పాను. ఆయన నా ఎడమ చేతిని వెతికి పట్టుకుని, మోచెయ్యి పైన నొక్కి చూశాడు.

"గుంజుతున్నదా?"

"గుంజుతున్నది మామా."

"మస్తు గుంజుతది. నాకు ఎరుకే" అన్నాడు. నొక్కుతూనే ఉన్నాడు.

ఆయన కోసమని నేను రెండు రాపులు వేసిన రోజుల్లో ఈ చెయ్యి ఒక్కనాడూ నొప్పి పెట్టలేదు.