పిడి లోపలి అంగుళమున్నర

2022 డిసెంబరు. పోర్ట్ బ్లెయిర్‌లో బస్సులూ లారీలూ బాగుచేసే ఒక వర్క్‌షాపులో నేను ఫిట్టర్‌ని. అప్పటికి పద్దెనిమిదేళ్ళ సర్వీసు. వారమంతా గేర్‌బాక్సులు, బ్రేకులు. ఆదివారం ఆరాధన ముగిశాక డాలీగంజ్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో కత్తులు. కూరగాయల కత్తులు, కొబ్బరి కత్తులు, చేపల కత్తులు. ఒక పని జీతం కోసం, ఒక పని మనసు కోసం అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. ఆ మనసు కోసం చేసిన పనే ఒక మనిషి చేతిని పాడుచేసింది. ఎలా పాడుచేసిందో తెలియాలంటే ముందు పని సంగతి కొంచెం చెప్పాలి.

లారీ కింద బరువు మోసే కమాను పట్టీలను లీఫ్ స్ప్రింగులంటాం. విరిగినవి పాత ఇనుము కొట్లో దొరుకుతాయి. వాటిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి కత్తి ఆకారానికి తెస్తాను. తర్వాత అయస్కాంతం అంటుకోనంత వేడికి తెచ్చి నూనెలో ముంచాలి. అదే క్వెంచింగ్. అప్పుడు ఇనుము గట్టిపడుతుంది కానీ పెళుసుగా ఉంటుంది, కింద పడితే పుటుక్కున విరుగుతుంది. అందుకని ఓవెన్‌లో సన్నటి వేడి మీద రెండు గంటలు పెట్టి ఆ పెళుసు తీస్తాం. కత్తులంటే ఇష్టమున్నవాళ్ళు ఇవన్నీ గుచ్చి గుచ్చి అడుగుతారు. ట్యాంగ్ గురించి మాత్రం నూటికొకరు కూడా అడగరు. ట్యాంగ్ అంటే పిడి లోపలికి వెళ్ళే ఇనుము. పిడి చివరిదాకా వెళితే ఫుల్ ట్యాంగ్. కొంచెం దూరం వెళ్ళి ఆగిపోతే స్టబ్ ట్యాంగ్. చేసినవాడు దాచాలనుకుంటే లోపల ఎంత ఉందో కొన్నవాడికి తెలియనే తెలియదు.

ప్రకాశరావు గారని మా చర్చి పెద్దల్లో ఒకాయన. కాంట్రాక్టరు. రంగత్ దాకా ఆయన పనులు నడుస్తాయి. ఆయన హాల్లో సోఫా వెనక అద్దాల బీరువా, దాని నిండా కత్తులు. ఒక్కదాని మీదా నూనె మరకైనా ఉండదు. ఆ ఏడాది వానల్లో నా ఫోన్‌లో ఫోటోలు చూసి తనకొకటి కావాలన్నారు.

“పిడి హంస మెడలా వంగాలయ్యా సామేలూ. ఒకటే చెక్క. పిన్నులూ గిన్నులూ కనపడకూడదు.”

“అంత వంపులో ట్యాంగ్ దూరదు సార్. పొట్టిగా పెట్టాల్సొస్తాది. పనికైతే ఆగదు.”

“పనికెవడు వాడతాడయ్యా? అద్దాల్లో పెట్టుకునేది.”

పెట్టాను. విరిగిన పాత కుర్చీ కాలు ఒకటి నా దగ్గరుంది, పడౌక్ అనే మా అండమాన్ ఎర్ర చెక్క. దాన్ని పది రోజులు అరగదీసి, లోపల అంగుళమున్నర ఇనుము దూర్చి, ఎపాక్సీ జిగురు పోసి బిగించాను. ఎర్రటి పిడి, వెండిలా మెరిసే బ్లేడు, పిడి దగ్గర నా ముద్ర. కత్తులు సేకరించేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే పొగడ్తలే పొగడ్తలు. నాకు తల తిరిగింది. అదే నమూనాలో ఇంకో పది చేసి, అడిగినవాళ్ళకల్లా పంపించాను. ప్రతిదానిలోనూ అంగుళమున్నరే. కత్తి ఎలా కోస్తుందని ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక డిసెంబరు సంగతి. డిగ్నాబాద్‌లో ఒక హాలు తీసుకుని మా చర్చివాళ్ళు క్రిస్మస్ కూడిక పెట్టారు. కష్టపడి సంపాదించుకునే ఆడవాళ్ళకు బహుమతులు. ఒకరికి చీర, ఒకరికి కుక్కరు. మార్తమ్మ వంతు వచ్చింది. ఆమె బజార్లో చేపలు శుభ్రం చేసి ముక్కలు కోసిస్తుంది. ఇంట్లో నలుగురికి ఆమె చేతులే ఆధారం. ప్రకాశరావు గారు మైకు తీసుకుని, “మన చర్చి కళాకారుడు చేసిన కత్తి, మన చర్చి కష్టజీవికి” అన్నారు. నేను చేసిన కత్తే, ఎర్ర రిబ్బను కట్టి. అద్దాల బీరువాలోకి ఇంకేదో కొత్తది వచ్చిందని, దీన్ని ఇలా సాగనంపారని తర్వాత తెలిసింది.

జనం చప్పట్లు కొట్టారు. నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. నేనూ కొట్టాను.

కూడిక అయ్యాక మార్తమ్మ నా దగ్గరకు వచ్చింది. కత్తిని చంటిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుంది.

“సామేలు భయ్యా, ఎంత తేలికుందో. నా పాత దావ్ కత్తి బరువుకి మణికట్టు లాగేస్తాంది. దీంతో సుర్మయి సేప ముల్లు తెగుతాదేటి?”

చుట్టూ పదిమంది ఉన్నారు. నా భుజం తట్టేవాళ్ళు తడుతున్నారు. ప్రకాశరావు గారు పక్కనే ఉన్నారు. “పదును బాగుంది దీదీ” అన్నాను.

అది అబద్ధం కాదు. పదును నిజంగానే బాగుంది. ఆమె అడిగింది పదును గురించి కాదని నాకు తెలుసు. ఈ రోజుకీ ఆ మాట తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జనవరి చివరి వారంలో ఒక సాయంత్రం షెడ్డు తలుపు దగ్గర మార్తమ్మ నిలబడి ఉంది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టు. కుడిచేతిలో పాత సంచి. దాన్ని నా చేతికివ్వకుండా బల్ల మీద బోర్లించింది. బ్లేడు ఒక ముక్క, పిడి ఒక ముక్క. ఇనుము చివర అంగుళమున్నర తోక, దానికి పాలిపోయిన జిగురు. నెల రోజుల చేపల నీళ్ళూ ఉప్పూ చెక్కలోకి దిగి జిగురు వదిలేసింది.

“పెద్ద సుర్మయి భయ్యా. ముల్లు కాడ ఎడం చేత్తో కత్తి ఈపు మీద నొక్కినాను. పిడి ఊడి నా కుడి సేతిలోకొచ్చీసింది, కత్తి తిరగబడి బొటనేలు మొదట్లో దిగిపోనాది. నరం తెగిపోనాదని డాక్టరు సెప్పినారు. కుట్టినారు గానీ, వేలు మడవడం ముష్కిలే అంటన్నారు.”

ఆమె ఆ పొట్టి తోక మీద వేలు పెట్టింది.

“ఇంతేనేటి లోపల? ముందే తెలుసా నీకు?”

“తెలుసు దీదీ.”

“ఆయనకి?”

“చేసినప్పుడే చెప్పాను.”

“ఇద్దరికీ తెలుసు. కోసుకునేదానికి మటుకు తెలీదు. ఆ రోజు నువ్వూ సప్పట్లు కొట్టినావు భయ్యా, నాను సూసినాను.” ఏడవలేదు, అరవలేదు. “ఇలాటివి ఇంకెన్ని సేసినావు?” అంది.

“పది.”

“మరి కూకున్నావేటి? ఫోన్ సెయ్యి వాళ్ళకి. జల్దీ సెయ్యి.”

మర్నాడు పొద్దున్నే ప్రకాశరావు గారింటికి వెళ్ళాను. సంగతంతా విని, “చేపలు కొయ్యమని ఎవడన్నాడయ్యా? అది ఆర్ట్ పీస్” అన్నారు.

“కష్టజీవికి అని మైకులో మీరే అన్నారు సార్.”

“గౌరవంగా ఇచ్చాం. ఇంట్లో దాచుకోవాలి. వీళ్ళకి వస్తువు విలువ తెలీదు.”

ఆ ‘వీళ్ళు’ అనే మాటకు నా ఒళ్ళు మండిపోయింది. చేపలు కోసే మనిషికి కత్తి ఇచ్చి, దానితో చేపలు కోసినందుకు ఆమెనే తప్పు పడుతున్నారు. బిర్యానీ వండే మనిషికి గిన్నె ఇచ్చి ఎందుకు వండావని అడిగితే ఎలా ఉంటుంది? అదే అన్నాను. ఆయన విననట్టే ఉండి, చివర్లో అన్నారు, “బ్లేడు బాగానే ఉందా? కొత్త పిడి వేసి పట్రా. మళ్ళీ అద్దాల్లో పెడదాం.”

తెగింది ఏ చెయ్యి అని కూడా ఆయన అడగలేదు. బ్లేడు సంగతి మాత్రం అడిగారు. పట్రానని ఆయన ముఖం మీదే చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి గ్రైండర్‌తో ఆ బ్లేడును నాలుగు ముక్కలు చేశాను. తర్వాత చర్చిలో ఆయన నన్ను పలకరించడం మానేశారు. నాకేమీ లోటు రాలేదు.

కానీ కోపమంతా ఆయన మీదకి తోసి చేతులు దులుపుకుంటే నేనూ ఆయనలాంటివాణ్ణే. పనికి ఆగదని నేను చెప్పిన మాట తప్ప ఆయనకు కత్తుల గురించి తెలియదు. నాకు తెలుసు. బస్సుకు బ్రేకు సరిగా వేయకుండా, ఇది ఎగ్జిబిషన్‌లో నిలబెట్టే బస్సే కదా అని బయటికి పంపిస్తానా? ఉద్యోగంలో చచ్చినా చేయని పని సరదా పేరుతో పదకొండుసార్లు చేశాను. సరదా అంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదనుకున్నాను.

మార్తమ్మకు ఇంకో కత్తి చేశాను. పిడి చివరిదాకా ఇనుము, మూడు ఇత్తడి పిన్నులు బయటికే కనబడతాయి. అందమేమీ లేదు. ఆమె దాన్ని వెంటనే ముట్టుకోలేదు. “వైసులో బిగించి కొట్టు” అంది. బల్లకున్న ఆ ఇనుప దవడల మధ్య బ్లేడు బిగించి, పిడి మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టాను. “ఇంకోటి” అంది. నాలుగోది కొట్టాక తీసుకుంది. ఇప్పుడూ ఆ కత్తితోనే కోస్తుంది. ఎడమ అరచేత్తో చేపను అదిమి పడుతుంది, బొటనవేలు మాత్రం పక్కకు కొయ్యలా నిలబడి ఉంటుంది. మునుపు కోసేదాంట్లో సగం కూడా కోయలేకపోతోంది. నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేనూ ఆ మాట అడగలేదు. అప్పటి నుంచి నా షెడ్డులోంచి వెళ్ళే ప్రతి కత్తీ కొనేవాళ్ళ ఎదుట నాలుగు సుత్తి దెబ్బలు తినే వెళ్తుంది.

పంపిన పది మందికీ ఫోన్లు చేశాను. తప్పు నాదే, వెనక్కి పంపండి, మంచిది చేసిస్తానని బతిమాలుకున్నాను. తొమ్మిది తిరిగొచ్చాయి. అన్నిటినీ కోసి పడేశాను. పదోది హైదరాబాద్‌లో ఒకాయన దగ్గరుంది. “మా గోడకి భలే అందం వచ్చిందండీ. దాన్ని ఎవరూ ముట్టుకోరు, మీరేం కంగారుపడకండి” అన్నారు. రెండేళ్ళలో పదిసార్లు అడిగుంటాను.

కత్తి రూపంలో ఉన్నదాన్ని ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, కోయడానికే తీస్తారు. ఈ వ్యవహారం నాకు నేర్పింది అదే. పోయిన నెల ఆయనే స్వయంగా గ్రూపులో ఫోటో పెట్టారు. పుట్టినరోజు కేకు, దాని చుట్టూ బెలూన్లు, కేకులో దిగిన నా కత్తి. ఎర్రటి పిడిని ఒక చిన్న చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

వెంటనే ఫోన్ చేశాను. “కేకే కదండీ” అని నవ్వారు.

ఆ చిన్న చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. ఆ పిడి లోపల ఎంత ఉందో మాత్రం తెలుసు.