మెడ మీది ఉపమాలంకారం

నా చిన్నప్పుడు ముంచింగిపుట్టు వైపు మా కొండల్లో పొగమంచు ఎంత చిక్కగా ఉండేదంటే, బడికి వెళ్లేటప్పుడు దాన్ని చేత్తో చీల్చుకుని, మా వెనక మళ్లీ కుట్టేసి వెళ్లేవాళ్లం. ఇది మీరు నమ్మక్కర్లేదు. మిగతాది నమ్మండి.

మా తెలుగు టీచరమ్మ మైదానం మనిషి. ఒక సాయంత్రం, రేపు ప్రతివాళ్లూ ఇంటి నుంచి ఒక అలంకారం తేవాలని చెప్పి పంపింది. పెద్దవాళ్ల నోట వినబడే చక్కటి మాట తెమ్మని ఆవిడ ఉద్దేశం. నాకు తెలిసిన అలంకారం ఒంటిమీద పెట్టుకునేదే.

ఇంటికెళ్లి చెప్పాను. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. అలంకారం తేకపోతే నన్ను పంపేస్తారేమోనని మా నాయనమ్మ హడలిపోయింది. పెళ్లినాడు తన మెడకు బిగించిన వెండి కంటె తీసేయమంది. అమ్మ సబ్బు రాసింది, అత్త లాగింది. చివరికి కంటె ఊడింది.

మర్నాడు దాన్ని బల్లమీద పెట్టగానే సంతవీధి పిల్లలు నవ్విన నవ్వుకి బడి పెంకులు లేచిపోయాయి. ఇక ఈ బడికి రాకూడదని నేను ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. టీచరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇదెలా తీసినారే గుంటా?" అని అడిగింది.

ఊరంతా కలిసి లాగిందనీ, ఆ ఊపుకి ఎదురుకొండ నాలుగడుగులు ఇటు జరిగిందనీ చెప్పాను. ఉన్నదాన్ని పెంచి చెబితే అతిశయోక్తి అంటూ ఆవిడ నా మాటనే బోర్డు మీద రాసింది. నవ్వు ఆగిపోయింది. తర్వాత, ఇప్పుడు మీ నాయనమ్మ మెడ ఎలా ఉందని అడిగింది.

"కంటె ఉన్న చోటు పసిగుంట చర్మంలా ఉంది టీచరమ్మా. చూడలేక బేగి వచ్చేసినాను."

ఒకదాన్ని మరొకదానితో పోలిస్తే ఉపమ అని టీచరమ్మ చెప్పాలి కదా. ఆవిడ ఆ మాట బోర్డు మీద రాయకుండానే సుద్దముక్క కింద పెట్టేసి, బల్లమీది కంటెను చేతిలోకి తీసుకుంది.

బడి వదిలాక కంటెను కొంగులో చుట్టుకుని నాతో పాటు కొండెక్కింది. గుమ్మంలో ఆవిణ్ని చూడగానే మా నాయనమ్మ చెయ్యి ముక్కు మీదికి పోయింది.

"సాల్లేదేటమ్మా? ముక్కు పోగులు కూడా ఇప్పీమంటావేటి?"

టీచరమ్మ కొంగు విప్పింది. తన చేతులతోనే కంటె తొడిగింది. అది మునుపటిలా బిగియలేదు. చివర్లు కలవక, బతికినన్నాళ్లూ మా నాయనమ్మ దారం కట్టుకునే పెట్టుకుంది. నేను మాత్రం మర్నాడు బడికి వెళ్లాను.

ఈ వయసులోనూ కథల్లో కొండలు జరుపుతూనే ఉన్నాను, అదే నా వృత్తి. కానీ ఎవరైనా నా చేతిలో ఏదైనా పెడితే, ముందు వాళ్ల ఒంటిమీద అది తీసిన చోటు కోసం వెతుకుతాను. ఆ చోటు గురించి రాసేటప్పుడు ఏ కొండనీ కదపను.