ముద్దనూరు స్టేషన్‌లో పరస్థానం మూట

ముద్దనూరు స్టేషన్‌కు ఎత్తు ప్లాట్‌ఫాం కావాలని అర్జీ రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. జమ్మలమడుగు, పులివెందుల జనానికి రైలంటే ఆ స్టేషనే. అప్పటి ప్లాట్‌ఫాం అంటే గులకరాళ్లు పరిచిన నేల. ముసలివాళ్లను కింది నుంచి తోసి, పై నుంచి లాగి పెట్టె ఎక్కించేవాళ్లం. ఎండకైనా వానకైనా ఒకటే పెంకుల సావడి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మొదలైన అర్జీలు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లు గడిచాక ఫలించాయి. సావడి పడగొట్టి కొత్త కట్టడం కడతారని తెలిసింది.

సావడి పోతుందంటే నాకు ఇంకో సంతోషం కూడా ఉండేది. పరస్థానం మూటలన్నీ దాని అటక మీదే ఉండేవి. ప్రయాణం చేయాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే మంచి ఘడియ చూసి ఒక గుడ్డమూటను ఇంటి నుంచి సాగనంపడాన్ని పరస్థానం పెట్టడం అంటారు. మూట కదిలితే మనిషి కదిలినట్టే లెక్క. ఊళ్లో పక్కింట్లో పెడితే సరిపోతుంది కానీ, రైలు ప్రయాణానికి స్టేషన్‌లోనే పెట్టాలని మావాళ్లు తేల్చుకున్నారు. అక్కడి పోర్టరు, ఒక ముస్లిం పెద్దాయన, మూట అందుకుని, ఊరి పేరు అడిగి, ముడికి దారం కట్టి అటక మీద పెట్టేవాడు. గంట కొట్టి రైలు నడిపే చోట మూటతో వారాన్ని మోసం చేయడమేమిటని ప్రొద్దుటూరు హేతువాద సభల్లో బల్ల గుద్ది అడిగాను. విన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరూ మానలేదు.

ఆ రోజుల్లోనే అమ్మ గొంతులో గడ్డ లేచింది. జమ్మలమడుగు డాక్టరు మద్రాసులోని పెద్ద డాక్టరుకు చీటీ రాసిచ్చి, మంగళవారం ఉదయం చూపించమన్నాడు. చీటీ లేకుండా పోతే చేర్చుకోరని, ఇప్పటికే ఆలస్యమైందని నాకు చాటుగా చెప్పాడు. అంటే సోమవారం సాయంత్రం రైలెక్కాలి. సోమవారం తూర్పుకు వారశూల, మద్రాసు దిక్కుకు పయనం కూడదు. అమ్మ శుక్రవారమే మూట కట్టి నా చేతికిచ్చింది.

“పోర్టరు చేతికియ్యి. ఊరికే యాడో పెట్టి రావాకు.”

“ఈ మూట ముందుగా పోయి స్టేషన్‌లో ఏం చేస్తాదిమా?”

“నీతో వాదన నాకెందుకురా. గొంతు నొస్తాది.”

మూట చంకన పెట్టుకుని బస్సెక్కాను. కానీ స్టేషన్‌లో పోర్టరు శ్రద్ధగా మూటలకు దారాలు కడుతూ కనిపించేసరికి ఒళ్లు మండింది. ఆ తంతులో నేను చెయ్యి పెట్టనని, ఎవరికీ చెప్పకుండా సావడి కిటికీ గట్టు మీద మూట పెట్టి వచ్చేశాను. “చేతికిచ్చినావా?” అని అమ్మ అడిగితే, “ఇచ్చినా” అన్నాను.

సోమవారం ముద్దనూరు బస్సులో, డాక్టరు చీటీ ఇస్తే జేబులో పెట్టుకుంటానన్నాను.

“మూటలో పెట్టినా గదరా,” అంది అమ్మ. “పాతగుడ్డలు పెడితే పయనమైనట్టేనా? అక్కరైంది పెట్టాల.”

బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది. దిగేవాళ్లు తీరిగ్గా దిగారు. మూట ఎవరైనా తీసుకుపోయి ఉంటారా, గట్టు మీదే ఉంటుందా అని నేను లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. అమ్మ కిటికీలోంచి శనక్కాయ చేలు చూస్తోంది. మధ్య మధ్య గొంతు తడుముకుంటోంది.

స్టేషన్ చేరేసరికి సావడి లేదు. పెంకుల కుప్ప, మొండి మట్టిగోడలు మిగిలాయి. అమ్మను ఇటుకల మీద కూర్చోబెట్టి పోర్టరు దగ్గరికి పరుగెత్తాను.

“దారం కట్టిన మూటలన్నీ నా ఇంట్లో భద్రంగా ఉండాయప్పా,” అన్నాడాయన. “నీది నా చేతికి రాలేదే.”

కిటికీ మీద పెట్టానని చెప్పాను.

“శానా బాగా చేసినావు. సదువుకున్నోనివి గదా.”

ఇద్దరం పెంకుల కుప్ప తవ్వాం. నా వేళ్లు చీరుకుపోయాయి. ఇంతలో సిగ్నల్ పడింది. తలెత్తిన పోర్టరు ఉన్నట్టుండి ఆగిపోయి, సున్నం గంప మోస్తున్న కూలీ మనిషిని పిలిచాడు.

“ఓమ్మా, ఆ గంప దించు.”

“ఏంది, మేస్త్రీతో నువ్వు తిట్లు తింటావా?”

“నీ తల మీద కుదురు యాడిది?”

“కిటికీ కాడ దిక్కులేకుండా పడుండ్య. దారం ల్యా, అడిగేటోళ్లు ల్యా. మెత్తగుందని చుట్టి పెట్టుకుంటి.” గంప దించి, కుదురు చేసుకున్న మా మూటను నాకిస్తూ, “మంచి మూటేప్పా. రెండుదినాల నుంచి తల నొయ్యలే,” అంది.

ముడి విప్పి చూస్తే చీటీ చెమటకూ సున్నపు నీళ్లకూ తడిసి ముద్దయింది. సిరా పాకిపోయింది. మద్రాసు డాక్టరు పేరు, చివరి రెండు వరుసలు, సంతకం మాత్రం చదవడానికి వస్తున్నాయి. అప్పటికే రైలొచ్చి ఆగింది. కొత్త ప్లాట్‌ఫాం సగమే లేచింది. మా పెట్టె ఆ సగానికి అందలేదు. పోర్టరు పైకెక్కి లాగాడు, నేను కింది నుంచి ఎత్తాను.

చీటీని రెండు అరచేతుల మధ్య ఆరబెడుతూ కూర్చున్నాను.

“ఆయప్ప చేతికి నువ్వియ్యలేదు గదా,” అంది అమ్మ.

లేదన్నాను. కడప దాటాక ఆమె మళ్లీ ఆ మాటే ఎత్తింది.

“నీకు ఇష్టం ల్యాకుంటే నాకు చెప్పల్ల. నేనే బస్సెక్కి పోయి ఇచ్చొచ్చేదాన్ని.”

తెల్లవారే దాకా నాకు నిద్ర లేదు. మద్రాసు డాక్టరు ఆ చీటీని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. చివరికి చేర్చుకున్నాడు.

మూటల వల్ల ప్రయాణాలు బాగుపడవని ఇప్పటికీ రాస్తున్నాను. ఆ చీటీని తడిపింది మాత్రం పరస్థానం కాదు, నేను.

కొన్ని వారాలకు అమ్మ మెడకు కట్టుతో తిరిగొచ్చింది. ముద్దనూరులో ఎవరూ పట్టుకోకుండానే కొత్త ప్లాట్‌ఫాం మీద అడుగు పెట్టింది. పోర్టరు ఎదురొచ్చాడు. చేతుల్లో దారం కట్టిన మూటలు నాలుగున్నాయి.

“కొత్త కట్టడంలో అటక ల్యాకపాయ,” అన్నాడు నాతో. “అర్జీ రాసినోనివి నువ్వే గదప్పా. ఇవి యాడ పెట్టాలో చెప్పు.”

అమ్మ నా వైపు చూసింది. నేను ఆ కొత్త గోడల మీద అటకకు చోటెక్కడుందా అని వెతుకుతూ నిలబడ్డాను.